హైకోర్టు కింద ఉన్న ఊరు: చెన్నపట్నంలో పోయిన వీధులు, మిగిలిన పేర్లు

చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర నిలబడి దక్షిణం వైపు చూస్తే మద్రాసు హైకోర్టు ఎర్రటి భవనాలు, పాత లా కాలేజీ కనిపిస్తాయి. ఉత్తరానికి తిరిగితే జార్జి టౌన్ ఇరుకు వీధులు మొదలవుతాయి. పాతదనమంతా ఉత్తరం వైపే ఉందనిపిస్తుంది. కానీ ఇంగ్లీషు కోటను అంటిపెట్టుకుని పెరిగిన తొలి ఊరు దక్షిణం వైపున, ఇప్పుడు కోర్టులున్న ఆ ఆవరణలో ఉండేది. ఇళ్లు, అంగళ్లు, గుడి, బజారు అన్నీ ఉన్న ఊరు. ఆ వీధుల్లో ఒక్కటి కూడా ఈరోజు లేదు.

వరదో తుఫానో వచ్చి అవి పోలేదు. 18వ శతాబ్దం మధ్యలో కొన్నేళ్ల వ్యవధిలో మనుషులే వాటిని నేలమట్టం చేశారు. ఆ ఊళ్లో చెప్పుకోదగ్గ భాగం తెలుగువాళ్లది. అయినా మన చరిత్ర కబుర్లలో దాని ప్రస్తావన చాలా తక్కువ.

2025 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం వీధులు, ఊళ్ల పేర్లలోంచి కులం మాటలు తీసేయాలని ఉత్తర్వు ఇచ్చాక పాత వీధుల పేర్లు మళ్లీ చర్చకొచ్చాయి. ఏ పేరు ఎంత పాతది, ఎవరు పెట్టారు, ఏ చోటికి పెట్టారు అన్న ప్రశ్నలు ఇలాంటప్పుడే ముందుకొస్తాయి. చెన్నపట్నం విషయంలో వీటికి జవాబు చెప్పాలంటే ముందు ఒక చిక్కుముడి విప్పాలి.

ఒకే పేరు, రెండు చోట్లు

పాత ఇంగ్లీషు రికార్డుల్లో 'బ్లాక్ టౌన్' అనే మాట తరచుగా కనిపిస్తుంది. కోటలో యూరోపియన్లు ఉండే భాగం వైట్ టౌన్, కోట బయట ఈ దేశస్థులు ఉండే భాగం బ్లాక్ టౌన్. ఈ బ్లాక్ టౌన్ ఎక్కడుందని అడిగితే ఎక్కువమంది జార్జి టౌన్ అని చెబుతారు. ఆ జవాబు తప్పు కాదు, కానీ సగమే నిజం.

1640 నుంచి 1750ల దాకా బ్లాక్ టౌన్ అంటే కోట ఉత్తరపు గోడకు ఆనుకుని ఉన్న ఊరు. తూర్పున సముద్రం, పడమట ఒక చిన్న ఏరు. ఉత్తరాన దాని హద్దు సుమారుగా ఇప్పటి ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు. ఆ హద్దు దాటితే ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేట అనే రెండు పేటలుండేవి. అవి అప్పట్లో బ్లాక్ టౌన్‌కు శివార్లు, అంతే.

అసలు ఊరిని కూల్చేశాక జనం ఆ పేటల్లోకి చేరారు. వాళ్లతోపాటు పేరు కూడా వెళ్లింది. 1760ల తర్వాతి కాగితాల్లో బ్లాక్ టౌన్ అంటే ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేటలే. 20వ శతాబ్దం మొదట్లో ఈ రెండో బ్లాక్ టౌన్‌కు జార్జి టౌన్ అని పేరు మార్చారు. 1906లో యువరాజుగా మద్రాసు వచ్చి, తర్వాత 5వ జార్జిగా సింహాసనమెక్కిన రాజు పేరది.

కాబట్టి 1700 నాటి ఒక కాగితంలో 'బ్లాక్ టౌన్‌లోని ఇల్లు' అని ఉంటే ఆ ఇల్లు ఇప్పటి హైకోర్టు వైపున ఉన్నట్టు. 1800 నాటి కాగితంలో అదే మాట ఉంటే ఆ ఇల్లు ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డుకు ఉత్తరాన ఉన్నట్టు. మాట ఒకటే, చోటు వేరు. చరిత్రకారులు ఈ తికమక లేకుండా పాత బ్లాక్ టౌన్, కొత్త బ్లాక్ టౌన్ అని విడదీసి రాస్తారు.

బ్లాక్ టౌన్ కాక ముందు

1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే, ఆ ప్రాంతాన్ని ఏలుతున్న దామెర్ల వెంకటప్ప నాయకుడి దగ్గర కోట కట్టుకోడానికి అనుమతి పొందాడు. మరుసటి ఏడాది కోట పని మొదలైంది. సరుకు కావాలంటే నేతగాళ్లు, అద్దకంవాళ్లు, దళారులు దగ్గరలో ఉండాలి. అందుకని కంపెనీ వాళ్లను పిలిచి కోట పక్కన చోటిచ్చింది. ఊరు అలా పుట్టింది. దాని తొలి పెద్దల్లో బేరి తిమ్మప్ప ఒకడు. కంపెనీకి మధ్యవర్తిగా పనిచేసిన వర్తకుడు. ఊరి మధ్యలో చెన్నకేశవస్వామి గుడి కట్టించింది ఆయనే అంటారు.

ఈ ఊరిని మొదటి నుంచీ బ్లాక్ టౌన్ అనలేదు. 1673లో వచ్చిన డాక్టర్ జాన్ ఫ్రయర్ దీన్ని అన్యమతస్థుల ఊరు అనే అర్థంలో ప్రస్తావించాడు. కోట లోపలి భాగాన్ని అప్పట్లో 'క్రిస్టియన్ టౌన్' అనేవారు. అంటే తొలినాళ్ల పేర్లలో విభజన మతాన్ని బట్టి ఉంది, రంగును బట్టి కాదు. కొన్ని రికార్డుల్లో 'జెంటూ టౌన్' అని కూడా ఉంది. మద్రాసు ఇంగ్లీషువాళ్లు తెలుగువాళ్లను జెంటూలని, తమిళులను మలబారులని పిలిచేవాళ్లు. కంపెనీ గుమాస్తాల కంటికి అది ఒక దశలో తెలుగువాళ్ల ఊరుగానే కనిపించిందన్నమాట. దీన్ని పట్టుకుని ఆ ఊరంతా తెలుగువాళ్లదే అనడం కుదరదు. తమిళులు, ఆర్మీనియన్లు, ముస్లింలు, గుజరాతీలు అందరూ అక్కడ బతికారు. తెలుగు వర్తకుల పలుకుబడి ఎక్కువగా ఉండేదన్నది మాత్రం నిస్సందేహం.

రంగు పేరు 17వ శతాబ్దం చివరి పాదంలో స్థిరపడింది. మతం మాట వెనక్కి తగ్గి రంగు మాట ముందుకు రావడం ఆ కాలపు మార్పుకు గుర్తు. మొదట్లో తాము కట్టిన కోట పక్కకు వచ్చి ఉండమని బతిమాలుకున్నవాళ్లు, ఒక తరం గడిచేసరికి పాలించేవాళ్ల భాష మాట్లాడటం మొదలుపెట్టారు.

ఈ వీధి ఎవరిదన్న తగవు

ఆ కాలంలో వీధి అంటే నడిచే దారి మాత్రమే కాదు. ఎవరి పెళ్లి ఊరేగింపు, ఎవరి శవయాత్ర ఏ వీధిలో పోవచ్చన్నది ప్రాణాలకు తెగించే విషయం. దక్షిణాదిలో కులాలు కుడిచేతి వర్గం, ఎడమచేతి వర్గం అని రెండు పక్షాలుగా ఉండేవి. మద్రాసులో బేరిచెట్టి వర్తకులు, కంసాలులు ఎడమచేతివాళ్లు. కోమట్లు, బలిజలు కుడిచేతివాళ్లు. 1652 ప్రాంతంలోనే వీళ్ల మధ్య గొడవలు జరిగాయి. 1707లో థామస్ పిట్ గవర్నరుగా ఉండగా వీధుల్లో ఊరేగింపుల మీద తగవు మళ్లీ రేగింది. చివరికి కుదిరిన ఏర్పాటు ఏమిటంటే, కుడిచేతివాళ్లకు పెద్దనాయకన్‌పేట, ఎడమచేతివాళ్లకు ముత్యాలపేట.

ఈ ఏర్పాటు ఆనవాళ్లు ఈరోజుకీ కంటికి కనిపిస్తాయి, నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరి గుడి కొత్వాల్ చావడి దగ్గర, అంటే పెద్దనాయకన్‌పేట వైపు ఉంది. విశ్వబ్రాహ్మణుల కాళికాంబ గుడి తంబుచెట్టి వీధిలో, అంటే ముత్యాలపేట వైపు ఉంది. కుడిచేతి, ఎడమచేతి అనే మాటలే చాలామందికి తెలియవిప్పుడు. గుళ్లు మాత్రం 1707 నాటి గీతకు చెరో పక్కనే ఉన్నాయి.

ఆ రెండు పేటల పేర్లూ తెలుగువాళ్లకు ఇట్టే అర్థమయ్యేవే. పెద్దనాయకుడు అంటే ఊరికి కాపలా కాసే తలారులకు పెద్ద. దొంగతనాలు జరగకుండా చూసే బాధ్యత అతనిది. అతని పేరే పేటకు వచ్చింది. ముత్యాలపేటకు ముత్యాల వ్యాపారుల వల్ల ఆ పేరొచ్చిందని చెబుతారు.

ఫిరంగికి అడ్డం వచ్చిన ఇళ్లు

1746 సెప్టెంబరులో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు. వాళ్లకు వెంటనే ఒక ప్రమాదం కనిపించింది. కోట ఉత్తరపు గోడ ముందే ఊరుంది. ఎవరైనా దాడికి వస్తే ఆ ఇళ్ల చాటున గోడ దాకా రాగలరు. అందుకని గోడకు దగ్గరగా ఉన్న ఇళ్లను ఫ్రెంచివారే పడగొట్టారు. సంధి ప్రకారం 1749లో మద్రాసు తిరిగి ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. వాళ్లు ఆ ఖాళీ స్థలంలో ఇళ్లు కట్టనివ్వలేదు.

తర్వాతి దెబ్బ 1758లో తగిలింది. డిసెంబరు 14న కౌంట్ లాలీ నాయకత్వంలో ఫ్రెంచి సేన బ్లాక్ టౌన్‌లోకి వచ్చేసింది. ఊరిని దోచుకుంది. ఆ ఇళ్ల మధ్యే ఫిరంగులు పెట్టి, ఉత్తరం వైపు నుంచే కోటను ముట్టడించింది. పక్కనే ఉన్న ఇంగ్లీషువాళ్ల శ్మశానంలోని పెద్ద పెద్ద సమాధులు కూడా సైనికులకు చాటుగా పనికొచ్చాయి. రెండు నెలల తర్వాత, 1759 ఫిబ్రవరిలో ఇంగ్లీషు ఓడలు రావడంతో లాలీ వెనుదిరిగాడు.

ముట్టడి ముగిశాక కంపెనీ మిగిలిన ఊరిని కూడా కూల్చేసింది. శ్మశానంలోని రాతి పలకలను కోటలోని సెయింట్ మేరీ చర్చి ఆవరణకు తరలించారు. అవి ఇప్పటికీ అక్కడ నేలలో పరిచి ఉన్నాయి. కూల్చిన చోట మళ్లీ ఎవరూ కట్టకుండా 1773లో హద్దు స్తంభాలు నాటారు. వాటిలో ఒకటి ప్యారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర మిగిలింది. అది ఒక రకంగా లేని ఊరికి ఉన్న హద్దురాయి.

కోట ముందు ఫిరంగి గుండ్లు అడ్డం లేకుండా పోవడానికి వదిలే ఖాళీ మైదానాన్ని ఎస్‌ప్లనేడ్ అంటారు. తెలుగు పుస్తకాలతో పరిచయం ఉన్నవాళ్లకు ఈ మాట కొత్త కాదు. వావిళ్ల వారి ముద్రణాలయం చిరునామాలో ఉండేది ఇదే ఎస్‌ప్లనేడ్. ఫిరంగుల కోసం ఖాళీ చేసిన మైదానం అంచున, వందేళ్లు దాటాక, తెలుగు కావ్యాలు అచ్చయ్యాయి. కోటలతో యుద్ధం చేసే కాలం పోయాక మైదానం మధ్యలో హైకోర్టు లేచింది. 1892లో అది పూర్తయింది.

రక్షణ కోసమా, దూరం పెట్టడానికా

ఊరిని ఎందుకు కూల్చారన్న దాని మీద రెండు రకాల వివరణలున్నాయి.

ఒకటి, ఇది పూర్తిగా సైనిక అవసరం. అప్పటి యూరప్‌లో ఏ కోట ముందైనా ఖాళీ మైదానం ఉంచడం మామూలే. పని మొదలుపెట్టింది ఇంగ్లీషువాళ్లు కాదు, ఫ్రెంచివారు. లాలీ ఆ ఇళ్లను ఎలా వాడుకున్నాడో చూశాక ఏ సేనాని అయినా అదే పని చేసేవాడు. కలకత్తాలో కూడా 1757 తర్వాత కొత్త ఫోర్ట్ విలియం కోసం గోవిందపూర్ అనే ఊరిని ఖాళీ చేయించారు. అక్కడి మైదాన్ అలా వచ్చిందే.

రెండో వివరణ ప్రకారం సైనిక అవసరం నిజమే గానీ, ఎవరి ఇళ్లు పోవాలన్నది నిర్ణయించింది అధికారం. కోట పెరిగిన ప్రతిసారీ పక్కకు జరగాల్సింది ఈ దేశస్థుల ఊరే. మద్రాసులోనూ, కలకత్తాలోనూ ఖాళీ మైదానం పాలకుల నివాసానికీ, జనం నివాసానికీ మధ్య దూరంగా మిగిలిపోయింది. గోవిందపూర్ ఉదాహరణను మొదటి వాదనవాళ్లే కాదు, వీళ్లూ చూపిస్తారు.

రంగు ఒక్కటే అన్నిటికీ కారణమనడానికి అడ్డొచ్చే సంగతి ఒకటుంది. 1749లో మద్రాసు చేతికి రాగానే ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివారికి సాయపడ్డారన్న అనుమానంతో కేథలిక్కులను, ఆర్మీనియన్లను కూడా వైట్ టౌన్ నుంచి వెళ్లగొట్టారు. వాళ్లలో యూరోపియన్ సంతతివాళ్లున్నారు. కాబట్టి భయం, అనుమానం, వర్ణభేదం మూడూ కలిసి పనిచేశాయనుకోవడం నాకు సబబుగా తోస్తుంది. అయితే పాత ఊరి వీధుల్లో బతికినవాళ్ల వైపు నుంచి చూస్తే ఏ కారణమైనా ఫలితం ఒకటే. ఒక శతాబ్దానికి పైగా నిలిచిన ఊరు పోయింది.

చోటు మారిన గుడి, చోటు మారిన చర్చి

పాత ఊరి గుడి కూల్చివేతలో పోయింది. దానికి బదులు కంపెనీ పెద్దనాయకన్‌పేటలో స్థలమిచ్చింది. మణలి ముత్తుకృష్ణ ముదలి అనే దుబాసీ పూనుకుని విరాళాలు సేకరించి, 1760ల్లో చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లీశ్వరుల జంట గుళ్లు కట్టించాడు. ఇప్పటి పూలబజారు దగ్గర ఉన్నవి అవే.

ఆ గుడి ఎంత పాతది? సంప్రదాయం ప్రకారం 17వ శతాబ్దం నాటిది. గోడల ప్రకారం 18వ శతాబ్దం నాటిది. రెండు జవాబులూ సరైనవే, ప్రశ్న దేని గురించి అన్నదాన్ని బట్టి.

ఆర్మీనియన్ చర్చిదీ అదే కథ. దాని చరిత్ర 1712తో మొదలవుతుంది. కానీ ఇప్పుడు ఆర్మీనియన్ వీధిలో కనిపించే కట్టడం 1772 నాటిది, ఆర్మీనియన్లు తమ శ్మశానంగా వాడుకున్న స్థలంలో కట్టింది. ఈ వీధి పేరు చూసి 1712లో ఆర్మీనియన్లంతా ఇక్కడే ఉండేవాళ్లని ఊహించుకుంటే దారి తప్పినట్టే.

కొత్త వీధులకు పేర్లు ఎలా వచ్చాయి

కొత్త బ్లాక్ టౌన్ వీధుల పేర్లలో ఒక కార్పొరేషనో కమిటీయో కూర్చుని పెట్టినవి తక్కువ. ఎక్కువ పేర్లు జనం నోట పుట్టి, తర్వాత కాగితం మీదికి ఎక్కాయి. ఆ వీధిలో పెద్ద ఇల్లున్న వర్తకుడి పేరే వీధికి గుర్తు. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి, ఎర్రబాలు చెట్టి వీధి అలా వచ్చినవే. ఆంధ్రపత్రిక మద్రాసులో నడిచింది తంబుచెట్టి వీధి నుంచే కాబట్టి పాతతరం తెలుగు పాఠకులకు ఆ పేరు బాగా తెలుసు.

కొన్ని పేర్లు సరుకును బట్టి వచ్చాయి. పగడాల వర్తకుల వీధి ఒకటి. మధ్యధరా పగడాలను దిగుమతి చేసి, గోల్కొండ వజ్రాలు కొనే యూదు వర్తకులు మద్రాసులో ఉండేవాళ్లు. వాళ్ల వ్యాపారం పోయి రెండు వందల ఏళ్లు దాటినా వీధి పేరులో పగడం ఉండిపోయింది. మింట్ స్ట్రీట్‌కు ఆ పేరు 1840ల్లో టంకసాల అక్కడికి రావడంతో వచ్చింది. టంకసాల ఎప్పుడో మూతపడింది.

వాల్ టాక్స్ రోడ్డుది వీటన్నిటికన్నా విచిత్రమైన కథ. 1760ల చివర్లో హైదరాలీ సేనలు మద్రాసు పొలిమేరల దాకా వచ్చాయి. భయపడిన కంపెనీ కొత్త బ్లాక్ టౌన్‌కు ఉత్తరాన, పడమరన గోడ కట్టించింది. కాంట్రాక్టరు పాల్ బెన్‌ఫీల్డ్. ఖర్చు రాబట్టడానికి ఊరివాళ్ల మీద పన్ను వేయాలనుకుంది. అలాంటి పన్ను వేసే చట్టబద్ధమైన అధికారం కంపెనీకి ఉందా అన్న ప్రశ్న వచ్చి ఆ పన్ను వసూలే కాలేదు. గోడ కూడా 19వ శతాబ్దంలో చాలావరకు పోయింది. లేని గోడకు కట్టని పన్ను పేరు మాత్రం రోడ్డుకు ఉంది. వీధి పేరు చూసి చరిత్ర రాసేవాళ్లు ఈ రోడ్డు పేరు చదివి, మద్రాసు జనం గోడ పన్ను కట్టారని రాసే ప్రమాదం ఉంది.

ఇక బ్రాడ్‌వే. ముత్యాలపేటకూ పెద్దనాయకన్‌పేటకూ మధ్య పల్లపు నేల, మురుగు నీళ్లు ఉండేవి. 1778లో మద్రాసు వచ్చిన స్టీఫెన్ పోఫమ్ అనే లాయరు ఆ పల్లాన్ని పూడ్చి, మురుగుకు దారి చేసి, వెడల్పైన వీధి వేయించాడు. చాలాకాలం దాన్ని పోఫమ్స్ బ్రాడ్‌వే అనేవాళ్లు. కుడిచేతి, ఎడమచేతి వర్గాల మధ్య హద్దుగా ఉన్న పల్లమే అలా రెండిటికీ ఉమ్మడి బజారు అయింది.

ఊరి పేరు మీద నడుస్తున్న వాదం

ఈ పోయిన ఊరికీ, చెన్నై అనే పేరుకూ దగ్గర సంబంధం ఉంది. కోట చుట్టూ కొత్తగా వెలిసిన ఊరినే చెన్నపట్నం అన్నారు. ఆ పేరు దామెర్ల వెంకటప్ప తండ్రి చెన్నప్ప నాయకుడిదన్నది బాగా ప్రచారంలో ఉన్న వివరణ. దామెర్ల వంశానికే చెందిన ఒక తెలుగు కవి తన కావ్యంలో ఈ మాట రాసుకున్నాడు. చెన్నకేశవస్వామి పేరే ఊరికి వచ్చిందని ఇంకొందరు అంటారు. గుడి 1639 తర్వాత కట్టినదైతే ఈ రెండో వాదన నిలబడటం కష్టం. అంతకు ముందే అక్కడ చిన్న గుడి ఉండేదనుకుంటే మాత్రం నిలుస్తుంది. అందుబాటులో ఉన్న సాక్ష్యం మొత్తం మీద చెన్నప్ప వైపే మొగ్గుతుంది.

మద్రాసు అనే పేరు వేరు. పోర్చుగీసు కుటుంబం పేరని, మేరీమాత చర్చి పేరని, మదరసా అని, ఒక జాలరి నాయకుడి పేరని ఎన్నో కథలున్నాయి. విజయనగర కాలపు 1367 నాటి శాసనంలో మాదరసనపట్టణం అనే రేవు ప్రస్తావన బయటపడ్డాక పోర్చుగీసు మూలాల కథలు బలహీనపడ్డాయి. పోర్చుగీసువారు అప్పటికి ఇండియాకు రానే లేదు.

1996లో తమిళనాడు ప్రభుత్వం రాజధాని పేరును చెన్నైగా మార్చినప్పుడు ఒక పరాయి పేరును తీసేసి స్థానికమైన పేరు పెడుతున్నామన్న భావన ఉంది. సాక్ష్యాల వరుస చూస్తే మద్రాసు పేరు ఇంగ్లీషువాళ్ల కంటే ఎంతో ముందుది. చెన్నపట్నం కోటతోపాటు పుట్టింది. రెండూ ఈ నేల మీది పేర్లే.

బోర్డు మీద ఒకటి, నోట్లో ఒకటి

వీధుల పేర్లలో కులం మాటలు తీసేయడం 2025లోనే మొదలు కాలేదు. 1970ల చివర్లో కూడా తమిళనాడులో ఈ ప్రయత్నం జరిగింది. బోర్డుల మీద చెట్టి, నాయకన్, ముదలి లాంటి మాటలు కొట్టేశారు. దీన్ని సమర్థించేవాళ్ల మాట సూటిగా ఉంటుంది. కులం పేరు వీధికి ఉంటే ఆ వీధి మిగతావాళ్లది కాదన్న సందేశం పోతుంది. వీధిలో నడిచే హక్కు కోసమే తన్నుకున్న చరిత్ర ఉన్న ఊళ్లో ఈ మాటను తేలిగ్గా తీసుకోలేం. అభ్యంతరం చెప్పేవాళ్లు ఇంకో సంగతి అంటారు. చెట్టి అన్న మాట తీసేస్తే తంబు ఎవరో, లింగి ఎవరో గుర్తుపట్టే దారి పోతుంది. వాళ్లు కంపెనీ కాలపు వర్తకులన్న ఒక్క ఆధారం ఆ పేరే.

నా దృష్టిలో కులం సూచించడానికి పెట్టిన పేరు వేరు, మనిషి పేరులో భాగంగా వచ్చిన మాట వేరు. ఒక కాలనీకి కులం పేరు పెట్టి అక్కడివాళ్లను వేరుచేయడం ఇప్పటికీ గాయమే. దాన్ని మార్చాలి. తంబుచెట్టి వీధి అలాంటిది కాదు. ఒకే ఉత్తర్వుతో రెండిటినీ సరిచేయాలనుకుంటే రెండోదానిలో పోయేది ఎక్కువ.

బ్రాడ్‌వే పేరు కూడా మారింది. దాని అధికారిక నామం ఇప్పుడు ప్రకాశం సాలై. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా హర్తాళ్ జరిగినప్పుడు ప్యారీస్ కార్నర్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన మనిషి దగ్గరికి వెళ్లనివ్వకుండా తుపాకులు ఎక్కుపెడితే టంగుటూరి ప్రకాశం రొమ్ము చూపించి కాల్చమన్నది అక్కడే, పాత బ్లాక్ టౌన్ ఉత్తరపు అంచున. ఆయన పేరు పెట్టిన వీధి అక్కడికి కొద్ది అడుగుల దూరంలో మొదలవుతుంది. బస్సు కండక్టర్లు, కొట్లవాళ్లు, కోర్టుకు వచ్చే కక్షిదారులు మాత్రం దాన్ని ఈరోజుకీ బ్రాడ్‌వే అనే అంటారు.